పని లెక్క వేరు, ఫలితం లెక్క వేరు: స్వచ్ఛంద సంస్థల ఆరోగ్య కార్యక్రమాలను కొలవడం ఎలా?

స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలు తిరగేస్తే ఒకే తరహా వాక్యాలు కనిపిస్తాయి. ఇన్ని గ్రామాల్లో ఆరోగ్య శిబిరాలు పెట్టాం, ఇంతమంది గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇచ్చాం, ఇంతమంది తల్లులకు అవగాహన కల్పించాం. పక్కన ఫోటోలు, కింద ఖర్చుల పట్టిక. ఇవన్నీ నిజాలే అయి ఉంటాయి. ఆ పని వెనుక ఎండనకా వాననకా తిరిగిన మనుషులు ఉంటారు. కానీ మనకు అసలు తెలియాల్సిన సంగతి అందులో చాలాసార్లు ఉండదు. ఆ గర్భిణుల్లో ఎంతమందికి రక్తహీనత తగ్గింది? తగ్గితే అది ఈ కార్యక్రమం వల్లేనా? తగ్గకపోతే తేడా ఎక్కడ వచ్చింది?

ఈ ప్రశ్నలకు జవాబు వెతికే పనినే పర్యవేక్షణ, మూల్యాంకనం అంటారు. ఎన్జీవోల్లో పనిచేసేవాళ్లు పొట్టిగా 'ఎం అండ్ ఈ' అనేస్తారు. చాలాచోట్ల ఇది నిధులిచ్చేవాళ్ల కోసం చేసే కాగితాల పనిగానే మిగిలిపోయింది. క్వార్టర్ చివర్లో టెన్షన్, ఎక్సెల్ షీట్లు, రాత్రిళ్లు కూర్చుని నింపే రిజిస్టర్లు. నేను మాత్రం దీన్ని ప్రాణాలతో ముడిపడిన పనిగానే చూస్తాను. ఒక కార్యక్రమం పనిచేయడం లేదన్న సంగతి ఏడాది ఆలస్యంగా తెలిస్తే, ఆ ఏడాది నష్టం పడేది ఆఫీసు మీద కాదు, తల్లుల మీదా పిల్లల మీదా. అందుకే ఏ సంస్థ కొలిచే పద్ధతినైనా చూసేటప్పుడు నేను ముందు అడిగేది ఒక్కటే: ఇందులో చెడు వార్త పైకి రావడానికి దారి ఉందా?

చేతికిచ్చిన మాత్ర, మింగిన మాత్ర

పర్యవేక్షణ కార్యక్రమం నడుస్తున్నంతకాలం సాగుతుంది. మందులు వేళకు చేరాయా, కార్యకర్త ఇంటికి వెళ్లిందా, చెప్పాల్సింది సరిగ్గా చెప్పిందా అని చూస్తుంది. మూల్యాంకనం కొంతకాలం గడిచాక చేసేది. ఇంత చేశాక మనుషుల ఆరోగ్యం మారిందా, ఆ మార్పు మన వల్లే వచ్చిందా, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితమేనా అని అడుగుతుంది. మొదటిది సొంత సిబ్బందే చేయాలి. రెండోదానికి ఎంతోకొంత బయటివాళ్ల చూపు కావాలి.

ఐరన్ మాత్రల సంగతే తీసుకుందాం. సంస్థ డబ్బు పెట్టి మాత్రలు కొంటుంది. అవి ఊరికి చేరతాయి. కార్యకర్త వాటిని గర్భిణి చేతికి ఇస్తుంది. ఆమె మింగుతుంది, లేదా కడుపులో వికారంగా ఉందనో మలబద్ధకం వస్తోందనో పక్కన పెట్టేస్తుంది. మింగితే హిమోగ్లోబిన్ పెరగొచ్చు. ఆమె రక్తహీనతకు మలేరియానో కొంకి పురుగులో కారణమైతే, మాత్రలతోనే అంతగా పెరగకపోవచ్చు. పెరిగితే కాన్పులో ప్రమాదం తగ్గుతుంది. ఇన్ని మెట్లలో నివేదికకెక్కేది సాధారణంగా మాత్ర చేతికి ఇవ్వడం వరకే. అక్కడిదాకా లెక్క సంస్థ దగ్గర ఉంటుంది. ఆ తర్వాతిదంతా ఆమె ఇంట్లో, ఆమె ఒంట్లో జరుగుతుంది. తెలుసుకోవాలంటే మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి, అడగాలి, రక్తం పరీక్ష చేయాలి. ఖర్చూ శ్రమా ఎక్కువ. అందుకే అక్కడ ఆగిపోతారు.

ఆగిపోతే ఏం జరుగుతుందో ఒడిశాలోని పూరీ జిల్లాలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. 100 గ్రామాలు తీసుకుని, సగం గ్రామాల్లో ప్రభుత్వ పారిశుద్ధ్య పథకం కింద స్వచ్ఛంద సంస్థలతో మరుగుదొడ్లు కట్టించారు. మిగతా సగంతో పోల్చారు. మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పోల్చిన గ్రామాల్లో 8 నుంచి 12 శాతానికే చేరాయి. పని లెక్క ప్రకారం ఇది గొప్ప విజయం. కానీ అయిదేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు మరుగుదొడ్లు కట్టించిన గ్రామాల్లో 8.8 శాతం, పోల్చిన గ్రామాల్లో 9.1 శాతం. ఆచరణలో తేడా లేనట్టే.

మరుగుదొడ్లు అనవసరమని దీనికి అర్థం కాదు. ఊళ్లో మూడో వంతు ఇళ్లకు ఇంకా మరుగుదొడ్డి లేదు, కట్టినవాటిని కూడా అందరూ వాడలేదు. మలం నుంచి పిల్లల నోటికి క్రిములు చేరే దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. మరి పోల్చడానికి గ్రామాలు పెట్టుకోకుండా, విరేచనాలు లెక్కపెట్టకుండా ఉండి ఉంటే? '63 శాతం' అన్న అంకె ఒక్కటే ప్రపంచానికి తెలిసేది. అదే పద్ధతిని మరో వెయ్యి ఊళ్లకు తీసుకెళ్లేవాళ్లు.

బ్రాక్ ఏం చేసింది?

చివరి మెట్లదాకా వెళ్లి కొలవడం ఎలాగో తెలియాలంటే, నాకు తెలిసినంతలో బంగ్లాదేశ్ అనుభవం కంటే మంచి పాఠం లేదు. 1980లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపి, విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ద్రావణం కలపడం తల్లులకు నేర్పడం మొదలుపెట్టింది. అప్పట్లో తయారు ప్యాకెట్లు అన్ని ఊళ్లకూ అందే పరిస్థితి లేదు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఇంట్లో ఉండేవాటితోనే. పదేళ్లలో 1.2 కోట్లకు పైగా ఇళ్లకు వెళ్లి నేర్పారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఉప్పు ఎక్కువైతే ఆ ద్రావణమే బిడ్డకు హాని చేస్తుంది. అందుకని 'ఇన్ని ఇళ్లు తిరిగాం' అన్న లెక్కతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు. బ్రాక్ కార్యకర్తల జీతాన్ని తల్లులు నేర్చుకున్నదానితో ముడిపెట్టింది. కార్యకర్త వెళ్లొచ్చిన కొన్ని వారాలకు, వేరే ఉద్యోగులు కొన్ని ఇళ్లను లాటరీలా ఎంచుకుని వెళ్లేవాళ్లు. నేర్పిన ముఖ్యాంశాల్లో ఎన్ని గుర్తున్నాయో తల్లిని అడిగేవాళ్లు. ద్రావణం కలిపి చూపమనేవాళ్లు. నమూనాలను ల్యాబ్‌లో పరీక్షించి ఉప్పు పాళ్లు చూసేవాళ్లు. తల్లి జవాబులను బట్టి గ్రేడు, గ్రేడును బట్టి కార్యకర్తకు డబ్బు.

ఈ ఏర్పాటు వల్ల కార్యకర్త ఏ ఇంటినీ తొందరగా ముగించుకుని వెళ్లలేదు. ఏ ఇంటికి తనిఖీ వస్తుందో ఆమెకు తెలియదు. ఆమె జీతం పెరిగినా తగ్గినా తనిఖీకి వచ్చేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. కొలిచేది కూడా ఆమె ఏం చేసిందని కాదు, తల్లికి ఏం వచ్చిందని.

బ్రాక్ అక్కడితో ఆగలేదు. తల్లులకు పాఠం వచ్చింది, ద్రావణం సరిగ్గా కలుపుతున్నారు. మరి బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు నిజంగా వాడుతున్నారా? వెళ్లి చూస్తే వాడేవాళ్లు మొదట్లో చాలా తక్కువమంది అని తేలింది. గ్రేడులేమో బాగున్నాయి. చాలా సంస్థలు ఇలాంటి సమయంలో గ్రేడులు చూపించి, వాడకం సంగతి పక్కన పెడతాయి. బ్రాక్ మాత్రం కారణాలు వెతికింది. కొందరు కార్యకర్తలకే ఆ ద్రావణం మీద నమ్మకం లేదు. తమ ఇళ్లలోనే మందుబిళ్లల వైపు మొగ్గుతున్నారు. ఇంట్లో మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి, బెల్లం నీళ్లతో రోగం తగ్గుతుందంటే వాళ్లు ఒప్పుకోలేదు. ఇది తెలిశాక శిక్షణ మార్చారు, ద్రావణం ఎలా పనిచేస్తుందో కార్యకర్తలకు నమ్మకం కుదిరేలా చూపించారు, మగవాళ్లతో విడిగా సమావేశాలు పెట్టారు. వాడకం పెరిగింది. విరేచనాలకు ఈ చికిత్సను ఎక్కువగా వాడే దేశాల్లో ఇవాళ బంగ్లాదేశ్ ముందు వరసలో ఉంది.

డబ్బు, అంకె కలిసినచోట

అయితే ఫలితాన్ని బట్టి డబ్బు ఇస్తే చాలు, అంతా చక్కబడుతుందా? గావి అనుభవం చూడాలి. టీకాల కోసం 2000లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ కూటమి, పేద దేశాలు ముందుకంటే అదనంగా ఎంతమంది పిల్లలకు మూడు డోసుల డీటీపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు) టీకా వేశాయో చూసి, తలకు 20 డాలర్ల చొప్పున ఇచ్చింది. దేశాలు పంపిన అధికారిక లెక్కల ఆధారంగా చెల్లింపులు జరిగాయి. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ లెక్కలను ఇంటింటి సర్వేలతో పోల్చింది. 51 దేశాల లెక్కల ప్రకారం అదనంగా టీకా పడిన పిల్లలు 1.39 కోట్లు. సర్వేల ఆధారంగా వేసిన అంచనాలో తేలినవాళ్లు దాదాపు 74 లక్షలు. ఇంచుమించు సగం.

74 లక్షలు చిన్న సంఖ్య కాదు. ఆ పిల్లలకు టీకా పడటం నిజమైన మేలు. కానీ అంకె పెరిగితే డబ్బు పెరిగే చోట, ఆ అంకెను రాసేవాళ్లే డబ్బు అందుకునే చోట లెక్క ఉబ్బుతుంది. దీనికి ఎవరూ కావాలని అబద్ధం రాయక్కర్లేదు. ఒకే బిడ్డ రెండు రిజిస్టర్లలో ఎక్కడం, వేసిన డోసులకు బదులు పంపిన డోసులు లెక్కలోకి రావడం, అనుమానం వచ్చినచోట పైకి సవరించడం. వేలాది కేంద్రాల్లో ఇలాంటి చిన్నచిన్న తప్పులన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. బ్రాక్ కూడా డబ్బును అంకెతోనే ముడిపెట్టింది కదా అనొచ్చు. అక్కడ అంకె రాసేది ఒకరు, డబ్బు అందుకునేది మరొకరు. ఎంచుకున్న కొన్ని ఇళ్లనైనా కళ్లతో చూసి రాశారు. ఈ రెండూ లేకుండా 'ఫలితాల ఆధారంగా నిధులు' అని ఒప్పందం రాసుకుంటే అది నివేదికలను మారుస్తుంది, ఆరోగ్యాన్ని మార్చదు.

నిజాయతీగా అంకె సేకరించినా, దాని మీద చర్య తీసుకునే అధికారం లేకపోతే అదీ వృథాయే. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ అనే సంస్థ, జిల్లా ఆరోగ్య శాఖతో కలిసి ప్రభుత్వ నర్సుల హాజరును తేదీ, సమయం ముద్రించే యంత్రాలతో నమోదు చేసింది. గైర్హాజరైతే జీతంలో కోత. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత శాఖే ఆ నర్సులకు 'మినహాయింపు రోజులు' ఇవ్వడం పెంచింది. పదహారు నెలలు గడిచేసరికి యంత్రం ఉన్న కేంద్రాలకూ లేనివాటికీ తేడా లేకుండా పోయింది. యంత్రం చెప్పిన చెడు వార్తను వినాల్సినవాళ్లు వినలేదు.

మనం లేకపోయినా ఇదే జరిగేదా?

మూల్యాంకనంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. 'కార్యక్రమానికి ముందు ఇంత, తర్వాత ఇంత' అని చూపించే గ్రాఫులు నమ్మించేలా ఉంటాయి. కానీ అయిదేళ్లలో రోడ్లు వచ్చి ఉంటాయి, ఆదాయాలు పెరిగి ఉంటాయి, ప్రభుత్వం అంబులెన్సులు పెట్టి ఉంటుంది. శిశు మరణాలు చుట్టుపక్కల అంతటా తగ్గుతున్న కాలంలో, మన గ్రామాల్లోనూ తగ్గితే అందులో మన వాటా ఎంత?

ఇంకో చిక్కు ఉంది. సంస్థలు సహజంగానే పరిస్థితి మరీ ఘోరంగా ఉన్న ఊళ్లను ఎంచుకుంటాయి. ఒక ఏడాది డెంగీ కేసులు విపరీతంగా వచ్చిన ఊరును ఎంచుకున్నారనుకోండి. మరుసటి ఏడాది ఎవరూ ఏమీ చేయకపోయినా కేసులు తగ్గే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ముందు ఏడాది అసాధారణం. పోషకాహార కార్యక్రమంలోనూ అంతే. బిడ్డ బాగా చిక్కిపోయినప్పుడే చేర్చుకుంటారు. జ్వరమో విరేచనాలో తగ్గి వాళ్లలో కొందరు ఎలాగూ కొంత కోలుకుంటారు. ఆ కోలుకున్న భాగం కూడా మన ఖాతాలోకే వస్తుంది.

దీనికి మందు పోలిక. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ, ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి పుట్టిన బిడ్డలకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించింది. 39 గ్రామాల్లో ఈ సేవ అందింది, 47 గ్రామాలను పోల్చడానికి పెట్టుకున్నారు. రెండుచోట్లా జననాలు, మరణాలు జాగ్రత్తగా నమోదు చేశారు. మూడో ఏడాదికి, పోల్చిన గ్రామాలతో చూస్తే నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. ఆ లెక్క అంత గట్టిగా ఉండబట్టే, ఊరి మహిళ బిడ్డకు ఇంజెక్షన్ ఇవ్వడమేమిటన్న వైద్యుల అభ్యంతరాలను దాటి ఆ ఆలోచన దేశ విధానాల్లోకి రాగలిగింది.

గ్రామాలను లాటరీ వేసి రెండు గుంపులుగా విడదీస్తే పోలిక ఇంకా గట్టిపడుతుంది. ఉదయపూర్‌లోనే సేవా మందిర్ 134 గ్రామాల్లో అలా చేసింది. కొన్నిచోట్ల నెలనెలా తప్పకుండా టీకా శిబిరం, ఇంకొన్నిచోట్ల శిబిరంతోపాటు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్లేలు. ఏమీ చేయని గ్రామాల్లో అన్ని టీకాలు పూర్తయిన పిల్లలు 6 శాతం, శిబిరాలున్నచోట 18 శాతం, పప్పు కూడా ఇచ్చినచోట 39 శాతం. 2010లో వచ్చిన ఈ ఫలితాల్లో నన్ను ఆకట్టుకున్నది ఖర్చు లెక్క. పప్పు ఇవ్వడం దుబారా అనిపిస్తుంది. కానీ పూర్తి టీకాలు పడిన ఒక్కో బిడ్డకు ఖర్చు శిబిరం మాత్రమే ఉన్నచోట 56 డాలర్లయితే, పప్పు ఇచ్చినచోట 28 డాలర్లే. నర్సు రోజంతా కూర్చున్న ఖర్చు ఎలాగూ తప్పదు. ఆ రోజు ఎక్కువమంది పిల్లలు వస్తే ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గిపోతుంది.

ఇలాంటి పోలికలు మనం గట్టిగా నమ్మే మాటలను కూడా పరీక్షకు పెడతాయి. 'ఉచితంగా ఇస్తే విలువ ఉండదు, కొంతైనా ధర పెట్టాలి' అని దోమతెరల విషయంలో చాలాకాలం వాదించారు. కెన్యాలో గర్భిణులతో చేసిన అధ్యయనంలో, ఉచితంగా ఇచ్చే తెరకు 60 సెంట్ల ధర పెట్టేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు పడిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు, కొన్నవాళ్లకంటే తక్కువగా ఏమీ వాడలేదు.

'పనిచేసింది', 'పనిచేయలేదు' అనే మాటలు సరిపోవు

పోలిక అధ్యయనం ఒక్కటి చేసేస్తే విషయం తేలిపోతుందనుకోవడం కూడా పొరపాటే. 2010లో ఒకే పద్ధతి మీద రెండు అధ్యయనాలు లాన్సెట్‌లో వచ్చాయి. ఊళ్లో మహిళలు గుంపుగా కూర్చుని, గర్భిణులకూ పుట్టిన బిడ్డలకూ వచ్చే సమస్యలు చర్చించుకుని, తామే పరిష్కారాలు వెతుక్కునే పద్ధతి అది. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ నడిపినచోట మూడేళ్లలో నవజాత మరణాలు 32 శాతం తగ్గాయి. బంగ్లాదేశ్‌లో దాదాపు ఏమీ మారలేదు.

పై పైన చూసేవాళ్లు ఇక్కడ తమకు నచ్చిన ఫలితాన్ని పట్టుకుంటారు. లోపలికి చూస్తే తేడా గుంపుల సంఖ్యలో ఉంది. ఏక్‌జుట్ సుమారు 470 మంది జనాభాకు ఒక గుంపు పెట్టింది. బంగ్లాదేశ్‌లో సుమారు 1,400 మందికి ఒకటి. అక్కడ గర్భిణుల్లో చాలామంది గుంపు ముఖమే చూడలేదు. తర్వాత అదే బంగ్లాదేశ్‌లో సుమారు 310 మందికి ఒక గుంపు చొప్పున పెట్టి చూస్తే నవజాత మరణాలు 38 శాతం తగ్గాయని 2013లో వచ్చింది. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షలో, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్నచోట ప్రభావం స్పష్టంగా కనిపించింది.

ఎన్ని గుంపులు, ఎన్ని సమావేశాలు, అందులో గర్భిణులు ఎంతమంది అన్న రోజువారీ హాజరు లెక్కలు సరిగ్గా రాసి ఉండకపోతే ఈ కథ ఎప్పటికీ తేలేది కాదు. పర్యవేక్షణ లేని మూల్యాంకనం 'విఫలం' అని తీర్పు చెప్పగలదు, ఎందుకు విఫలమైందో చెప్పలేదు. మంచి పద్ధతిని ఆ తీర్పు చంపేసే ప్రమాదం కూడా ఉంది.

చిన్న సంస్థ ఏం కొలవాలి?

నిధులిచ్చేవాళ్లు తరచూ 'మాతృ మరణాలు ఎంత తగ్గించారు?' అని అడుగుతారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ చిన్న సంస్థను ఈ ప్రశ్న అడగకూడదు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 2,000 కాన్పులు జరిగే ప్రాంతం, లక్ష జననాలకు 100 మాతృ మరణాల రేటు. అంటే ఏడాదికి సగటున ఇద్దరు. ఒక ఏడాది ముగ్గురు చనిపోతే రేటు 150కి ఎగబాకుతుంది, ఒక్కరే అయితే 50కి దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లలో కార్యక్రమం పనితనం ఏమీ కనిపించదు. జరిగిన ప్రతి మరణం మీదా 'ఎక్కడ ఆలస్యమైంది' అని విచారించడం అవసరం. దాన్ని శాతాలుగా మార్చి గ్రాఫు గీయడంలో అర్థం లేదు.

ఫలితంతో సంబంధం ఉందని ఇప్పటికే గట్టిగా రుజువైన దగ్గరి మెట్టును కొలవడం దీనికంటే మేలు. తట్టు టీకా ప్రాణాలు కాపాడుతుందని ప్రతి సంస్థా మళ్లీ నిరూపించక్కర్లేదు. టీకా నిజంగా పిల్లలకు పడిందా అన్నది గట్టిగా చూపిస్తే చాలు. రుజువు లేని కొత్త పద్ధతి అయితేనే చివరి ఫలితం వరకూ, పోలికతో సహా, వెళ్లాలి. దానికి తగ్గ పరిశోధకులూ డబ్బూ ఉండాలి.

దగ్గరి మెట్టును కొలవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా కార్యక్రమాలు దశాబ్దాలుగా వాడిన పద్ధతిలో 30 ప్రదేశాలు, ఒక్కోచోట ఏడుగురు పిల్లలు, మొత్తం 210 మంది. కవరేజీ, అంటే ఎంత శాతం మందికి టీకా పడిందో, అటూ ఇటూ పది శాతం పాయింట్ల తేడాతో తెలిసిపోతుంది. ఇంకా చిన్నది కావాలంటే ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత తనిఖీ నుంచి వచ్చిన పద్ధతి ఉంది. ఒక సూపర్‌వైజర్ పరిధిలో లాటరీ పద్ధతిలో 19 ఇళ్లు చూస్తారు. లక్ష్యం 80 శాతం అనుకుంటే, 19లో కనీసం 13 ఇళ్లలో పని సరిగ్గా ఉంటే ఆ పరిధి ఫర్వాలేదు. అంతకంటే తక్కువైతే అక్కడ శ్రద్ధ కావాలి. ఆ పరిధిలో కవరేజీ ఇంత శాతం అని కచ్చితంగా ఇది చెప్పదు, కానీ వచ్చే నెల ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. సూపర్‌వైజరుకు కావాల్సింది అదే. ఒక్క జాగ్రత్త: ఇళ్లను కార్యకర్త ఎంచకూడదు, రోడ్డు పక్కవి మాత్రమే చూడకూడదు.

శాతం చూపించినప్పుడల్లా 'ఎంతమందిలో?' అని అడగాలి. తీవ్ర పోషకాహార లోపానికి చికిత్స చేసే కేంద్రాలకు స్ఫియర్ అనే అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు ఉన్నాయి. చేరినవాళ్లలో కోలుకున్నవారు 75 శాతానికి మించాలి, మరణాలు 10 శాతంలోపు, మధ్యలో మానేసినవారు 15 శాతంలోపు ఉండాలి. ఒక కేంద్రం 90 శాతం కోలుకున్నారని చూపిస్తే సంతోషమే. కానీ ఆ ప్రాంతంలో ఆ స్థితిలో ఉన్న పిల్లల్లో అయిదో వంతే కేంద్రానికి వస్తుంటే? అందుకే అవే ప్రమాణాలు గ్రామాల్లో అలాంటి పిల్లల్లో సగానికి పైగా చికిత్సకు రావాలని కూడా అంటాయి. రానివాళ్లు ఎవరన్నది చూస్తే దాదాపు ప్రతిసారీ అవే జవాబులు: దూరపు గూడేలవాళ్లు, వలస వెళ్లేవాళ్లు, తల్లి కూలిపని మానుకోలేని ఇళ్లు, ఇంట్లో వికలాంగులున్నవాళ్లు. సగటు అంకెలో వీళ్లు కనబడరు. విడగొట్టి చూస్తేనే కనబడతారు.

ఈ లెక్కలు ఎవరి కోసం?

ఒక సంస్థకు నలుగురు దాతలుంటే నాలుగు ఫార్మాట్లు, నాలుగు రకాల సూచికలు. అన్నిటి బరువూ చివరికి ఇంటింటికీ తిరిగే కార్యకర్త మీద పడుతుంది. బిడ్డ బరువు తూచాల్సిన సమయం కాగితాలకు పోతుంది. రాసిందేమో పైకి వెళుతుంది, తిరిగి రాదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఏడాది పొడవునా ఒక సూచికను చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదంటే దాన్ని ఫారం నుంచి తీసేయాలి. మొహమాటం అక్కర్లేదు.

రాసేవాళ్లకే ముందుగా పనికొచ్చేలా లెక్క ఉంటే దాని నాణ్యతే మారిపోతుంది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో హెచ్‌ఐవీ నివారణ కోసం మొదలైన అవాహన్ కార్యక్రమంలో, సెక్స్‌వర్కర్ల మధ్య పనిచేసింది వాళ్లలోనివాళ్లే. చదువు రానివారు కూడా వాడగలిగేలా బొమ్మల ఫారాలు తయారుచేశారు. తన పరిధిలో ఎవరికి ప్రమాదం ఎక్కువ, ఎవరు క్లినిక్‌కు రాలేదు, ఈ వారం ఎవర్ని కలవాలి అన్నది ఆమే చూసుకుని ప్లాన్ వేసుకునేది. పై ఆఫీసుకు వెళ్లే అంకె దాని తర్వాతే. ఇలాంటి సమాచారం బయటికి పొక్కితే మనిషి జీవితం కూలిపోతుంది కాబట్టి, పేర్లు ఎవరు చూడొచ్చు, ఎంతకాలం ఉంచాలి అన్నది ఫారం అచ్చు వేయకముందే తేల్చుకోవాలి.

ఇక నిధులిచ్చేవాళ్ల సంగతి. లక్ష్యం చేరకపోతే వచ్చే ఏడాది గ్రాంటు ఆగిపోతుందని తెలిసిన సంస్థ చెడు వార్త ఎందుకు చెబుతుంది? చెప్పించాలంటే ఒప్పందమే వేరుగా ఉండాలి. ఏడాది మధ్యలో ఒక పద్ధతి పనిచేయడం లేదని తేలితే మిగిలిన డబ్బుతో పద్ధతి మార్చుకునే వీలు అందులో రాసి ఉండాలి. తనిఖీ సర్వేకి డబ్బు కార్యక్రమం ఖర్చులో కోత పెట్టకుండా విడిగా ఇవ్వాలి. ఆ సర్వే చేసేవాళ్లు సంస్థకు గానీ దాతకు గానీ నచ్చిన జవాబు తేవాల్సిన స్థితిలో ఉండకూడదు. ఫలితం ఎలా వచ్చినా ప్రచురిస్తామని రెండు పక్షాలూ మొదటి రోజే సంతకం చేయాలి. ప్రచురణ అంటే ఇంగ్లీషు పీడీఎఫ్ ఒక్కటే కాదు. ఎవరి ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడిగారో వాళ్ల ముందు, వాళ్ల భాషలో, ఊరి సమావేశంలో చదవాలి. ఎందుకు టీకాకు రాలేదో, మాత్రలు ఎందుకు మింగలేదో కన్సల్టెంటు ఊహించి రాసే బదులు అక్కడే అడిగి రాసుకోవచ్చు.